చతుర్విధ ప్రక్రియలు: నియమాల వెనుక ఉన్న కారణాలు

కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం. ఈ నాలుగూ చతుర్విధ ప్రక్రియలు. వీటితో పాటు బడిలో చాలా నియమాలు కంఠస్థం చేయిస్తారు: రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం, సున్నాతో భాగించకూడదు, భిన్నంతో భాగించాలంటే దాన్ని తిరగేసి గుణించాలి, ముందు గుణకారం తర్వాతే కూడిక. లెక్క తప్పేది నియమం మరిచిపోయినందువల్ల కంటే, అది ఎక్కడ వర్తిస్తుందో తెలియనందువల్లే ఎక్కువ. "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అని బట్టీ పట్టినవాళ్లు −3 − 5 కి జవాబు 8 అని రాసేస్తారు.

ఈ నియమాల్లో చాలావరకు రెండు అవసరాల నుంచి పుట్టాయి. చేసిన లెక్కను వెనక్కి తిప్పగలగాలి. అందుకోసం కొత్త సంఖ్యలు తెచ్చుకుంటే, పాత సంఖ్యల్లో నిజమైన ధర్మాలు కొత్తవాటిలోనూ నిలబడాలి. ఈ రెండు మాటలు దగ్గర పెట్టుకుని ఒక్కో నియమాన్నీ చూస్తే దాని కారణం బయటపడుతుంది.

అంకె, సంఖ్య, స్థానం

అంకెలు పదే: 0 నుంచి 9 వరకు. వాటితో రాసేది సంఖ్య. 7 అంకె కూడా, సంఖ్య కూడా. 75 మాత్రం రెండు అంకెల సంఖ్య. 5055లో 5 అనే అంకె మూడుసార్లు వచ్చింది. మూడు చోట్లా దాని ముఖ విలువ 5 మాత్రమే. స్థాన విలువలు మాత్రం ఎడమ నుంచి 5000, 50, 5. వందల స్థానంలో ఉన్న సున్నా "ఇక్కడ ఏమీ లేదు" అని చెబుతూ మిగతా అంకెలను వాటి చోట నిలబెడుతోంది. దాన్ని తీసేస్తే 555 అవుతుంది.

ఎడమవైపు ఒక్కో స్థానం జరిగితే విలువ పది రెట్లు పెరుగుతుంది, కుడివైపు జరిగితే పదో వంతు అవుతుంది. ఒకట్ల స్థానం దాటి కుడికి వెళ్లినా ఇదే వరుస సాగుతుంది, అవే దశాంశాలు. 0.45, 0.5 లలో ఏది పెద్దది అంటే చాలామంది 45ని, 5ని పోల్చి మొదటిదే అంటారు. దశాంశ బిందువు తర్వాతి భాగాన్ని "నలభై ఐదు" అని చదవడం వల్ల వచ్చే తప్పు ఇది. "సున్నా పాయింట్ నాలుగు ఐదు" అని అంకెలు విడివిడిగా చదివితే పదో వంతులు 4 ఒకచోట, 5 మరోచోట కనిపిస్తాయి. 0.5ను 0.50 అని రాసి చూసినా సందేహం తీరుతుంది.

సంఖ్యల కుటుంబాలు ఎందుకు పెరిగాయి

లెక్కపెట్టడానికి పనికొచ్చే 1, 2, 3... సహజ సంఖ్యలు. వాటికి సున్నాను చేరిస్తే పూర్ణాంకాలు. రెండు పూర్ణాంకాలను కూడినా, గుణించినా పూర్ణాంకమే వస్తుంది. ఈ లక్షణాన్ని సంవృత ధర్మం అంటారు. చిక్కు వెనక్కి తిప్పేటప్పుడు వస్తుంది. 3 నుంచి 5 తీసివేస్తే జవాబు పూర్ణాంకాల్లో లేదు. తీసివేతకు ఎప్పుడూ జవాబు దొరకాలని రుణ సంఖ్యలను చేర్చితే ..., −2, −1, 0, 1, 2, ... వచ్చాయి, ఇవి పూర్ణ సంఖ్యలు. పూర్ణాంకాలు, పూర్ణ సంఖ్యలు అన్న పేర్లు దగ్గరగా ఉండటంతో పరీక్షల్లో తరచూ తారుమారవుతాయి. రుణ సంఖ్యలు ఉన్నవి పూర్ణ సంఖ్యలు.

3ను 5తో భాగిస్తే మళ్లీ జవాబు లేదు. అందుకే భిన్నాలు. పూర్ణ సంఖ్యను సున్నా కాని పూర్ణ సంఖ్యతో భాగించి రాయగలిగేవన్నీ అకరణీయ సంఖ్యలు. అక్కడితో భాగహారం సమస్య తీరింది, ఒక్క సున్నా దగ్గర తప్ప. వర్గాన్ని వెనక్కి తిప్పబోతే 2కు వర్గమూలం ఏ భిన్నంలోనూ దొరకదు. అలాంటివి కరణీయ సంఖ్యలు. రెండు రకాలూ కలిపితే వాస్తవ సంఖ్యలు.

ఏది ఏ కుటుంబంలోదో చెప్పేటప్పుడు రూపం చూసి మోసపోకూడదు. √9 కి వర్గమూలం గుర్తు ఉన్నా అది 3, కాబట్టి అకరణీయమే. 0.333... అంతం లేకుండా సాగినా అది 1/3. అంతం లేకపోవడం ఒక్కటే చాలదు. ఏ అంకెల గుంపూ అదే వరుసలో మళ్లీ మళ్లీ రాకుండా సాగితేనే కరణీయం. 22/7 అకరణీయం, π కరణీయం. అంటే ఈ రెండూ సమానం అయ్యే అవకాశమే లేదు. 22/7 విలువ 3.142857..., π విలువ 3.141592... మూడో దశాంశంలోనే దారులు వేరవుతాయి. π కరణీయమని 1760ల్లో యోహాన్ లాంబర్ట్ నిరూపించాడు.

సున్నా ధనమూ కాదు, రుణమూ కాదు. అయితే అది సరి సంఖ్యే, 2తో నిశ్శేషంగా భాగించబడుతుంది కనుక. 1 ప్రధాన సంఖ్య కాదు, సంయుక్త సంఖ్యా కాదు. ఒకటిని ఎందుకు వదిలేశారన్నది మంచి ప్రశ్న. 12ను ప్రధాన కారణాంకాల లబ్ధంగా రాస్తే 2 × 2 × 3 ఒక్కటే మార్గం, వరుస మార్చడం తప్ప. 1ని ప్రధాన సంఖ్యగా ఒప్పుకుంటే 1 × 2 × 2 × 3, 1 × 1 × 2 × 2 × 3 అంటూ లెక్కలేనన్ని మార్గాలు వస్తాయి. ఒకే మార్గం ఉంటుందన్న సిద్ధాంతం మీద గ.సా.భా, క.సా.గు లెక్కలన్నీ నిలబడ్డాయి కాబట్టి ఒకటిని పక్కన పెట్టారు.

కూడిక, తీసివేత

కూడికలో వరుస మార్చినా మొత్తం మారదు (స్థిత్యంతర ధర్మం), మూడింటిలో ఏ రెండింటిని ముందు కలిపినా మారదు (సహచర ధర్మం). 67 + 48 + 33 ను 67 + 33 + 48 గా మార్చి 148 అని నోటితో చెప్పగలిగేది ఈ రెండు ధర్మాల వల్లే. తీసివేతకు రెండూ లేవు: 9 − 4, 4 − 9 వేరు, (9 − 4) − 2 అంటే 3, 9 − (4 − 2) అంటే 7.

కూడేటప్పుడు ఒకే స్థానంలోని అంకెలు ఒకదాని కింద ఒకటి రావాలి. 3.7 + 0.45 ను కుడి అంచు కలిపి రాస్తే పదో వంతు కింద నూరో వంతు పడి జవాబు చెడుతుంది. బిందువు కింద బిందువు పెట్టి, 3.70 గా రాస్తే 4.15.

తీసివేతలో అప్పు తెచ్చుకోవడం చాలామందిని తికమక పెడుతుంది, ముఖ్యంగా మధ్యలో సున్నాలుంటే. 5003 − 1687 తీసుకోండి. 3 లోంచి 7 పోదు. పదుల్లో ఏమీ లేదు, వందల్లోనూ ఏమీ లేదు. కాబట్టి వేలలోంచి ఒకటి విడగొట్టాలి: ఒక వెయ్యి అంటే 9 వందలు, 9 పదులు, 10 ఒకట్లు. అప్పుడు 5003 అన్నది 4 వేలు, 9 వందలు, 9 పదులు, 13 ఒకట్లు. సంఖ్య మారలేదు, రాసిన తీరు మారింది. ఇక 13 − 7 = 6, 9 − 8 = 1, 9 − 6 = 3, 4 − 1 = 3. జవాబు 3316. ఇక్కడ జరిగే తప్పులు ప్రధానంగా రెండు: మధ్య సున్నాలను 9 చేయకుండా 10 గానే ఉంచడం; లేదా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తే సరిపోతుందనుకుని 7 − 3 = 4 అని రాయడం.

రెండు సంఖ్యల నుంచీ ఒకే మొత్తం తగ్గిస్తే వాటి భేదం మారదు. 5003, 1687 రెండింటి నుంచీ 4 తగ్గిస్తే 4999 − 1683. ఇప్పుడు అప్పుతో పనే లేదు, 3316 నేరుగా వస్తుంది. సున్నాలు ఎక్కువున్న తీసివేతల్లో అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి ఇదే అని నా అభిప్రాయం.

గుణకారం: విభాగ న్యాయం మోసే బరువు

గుణ్యాన్ని గుణకంతో గుణిస్తే లబ్ధం. గుణకారానికీ స్థిత్యంతర, సహచర ధర్మాలు ఉన్నాయి. వీటి కంటే విలువైనది మూడోది: a × (b + c) = a × b + a × c. దీన్ని విభాగ న్యాయం అంటారు. కూడికను, గుణకారాన్ని కలిపే వంతెన ఇదొక్కటే.

47 × 36 చేసేటప్పుడు మనం వాడేది అదే. 36 అంటే 30 + 6. 47 × 6 = 282, 47 × 30 = 1410, మొత్తం 1692. రెండో వరుసలో కుడివైపు ఖాళీగానో సున్నాగానో వదిలే చోటు ఈ 30లోని సున్నాదే. దాన్ని మరిచి 282 + 141 = 423 అని రాసేవాళ్లు 36 బదులు 6 + 3, అంటే 9తో గుణించినట్టయింది. అంచనా వేస్తే తప్పు వెంటనే దొరుకుతుంది: 50 × 36 = 1800, కాబట్టి జవాబు అంతకు కొంచెం తక్కువగా ఉండాలి; 423 ఆ దరిదాపుల్లో లేదు.

98 × 47 ను నోటితో చేయడమూ ఇదే న్యాయం: 100 × 47 − 2 × 47 = 4700 − 94 = 4606.

గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది అన్న నమ్మకం సహజ సంఖ్యలతో మొదలై మనసులో పాతుకుపోతుంది. 0.3 × 0.2 = 0.06. పదో వంతును పదో వంతుతో గుణిస్తే నూరో వంతు. అందుకే రెండు సంఖ్యల్లోని దశాంశ స్థానాలను కలిపి లబ్ధంలో బిందువు పెడతాం. 1 కంటే తక్కువైన ధన సంఖ్యతో ఒక ధన సంఖ్యను గుణిస్తే తగ్గుతుంది, భాగిస్తే పెరుగుతుంది: 6 ÷ 0.5 = 12.

భాగహారం, శేషం, సున్నా

విభాజ్యం = విభాజకం × భాగఫలం + శేషం. శేషం సున్నా కావచ్చు, విభాజకం కంటే మాత్రం ఎప్పుడూ తక్కువే. భాగహారానికి నిర్వచనం, సరిచూసుకునే పద్ధతి రెండూ ఈ ఒక్క వాక్యంలో ఉన్నాయి.

అత్యంత సాధారణమైన తప్పు భాగఫలంలో సున్నా జారిపోవడం. 4218 ÷ 6 లో 42 వందలను భాగిస్తే 7 వందలు. తర్వాత 1 పది. అందులో 6 పోదు. ఆ స్థానంలో 0 రాయాలి. ఆపై 18 ఒకట్లలో 3. జవాబు 703. "పోలేదు కదా" అని ఏమీ రాయకుండా తర్వాతి అంకె దింపితే 73 వస్తుంది. అంకె దింపిన ప్రతిసారీ పైన ఒక అంకె రాయాలి అన్న అలవాటు ఒక్కటే దీనికి మందు.

శేషాన్ని ఏం చేయాలన్నది లెక్క చెప్పదు, సందర్భం చెబుతుంది. 45 సీట్ల బస్సుల్లో 200 మంది వెళ్లాలి. 200 ÷ 45 కి భాగఫలం 4, శేషం 20. కావాల్సిన బస్సులు 5, ఎందుకంటే ఆ 20 మందిని వదిలేయలేం. 200 సెంటీమీటర్ల తాడులోంచి 45 సెంటీమీటర్ల ముక్కలు ఎన్ని వస్తాయంటే అదే భాగహారం, జవాబు 4.

శేషాన్ని దశాంశంగా అతికించకూడదు. 17 ÷ 5 లో భాగఫలం 3, శేషం 2, దీన్ని 3.2 అని రాయడం తప్పు. మిగిలిన 2ను కూడా 5తో భాగించాలి కాబట్టి 3.4. ఇంకో సూక్ష్మం: 170 ÷ 50 లో రెండు సున్నాలు కొట్టేసి 17 ÷ 5 చేస్తే భాగఫలం 3 సరిగ్గానే వస్తుంది, శేషం మాత్రం 2 కాదు, 20. సున్నాలు కొట్టేసినప్పుడు శేషమూ పది రెట్లు కుంచించుకుపోయింది, దాన్ని తిరిగి పెంచాలి.

విభాజ్యం రుణమైతే? −17 ను 5తో భాగిస్తే శేషం రుణం కాకూడదన్న షరతు వల్ల భాగఫలం −4, శేషం 3 అవుతుంది: 5 × (−4) + 3 = −17. కంప్యూటర్ భాషలు ఇక్కడ ఒక్క మాట మీద లేవు. ఇదే లెక్కకు పైథాన్ శేషం 3 ఇస్తుంది, సి, జావా −2 ఇస్తాయి. ప్రోగ్రాం ఒక భాషలోంచి మరో భాషలోకి మార్చేటప్పుడు ఈ తేడా చాలా ఇబ్బంది పెడుతుంది.

ఇక సున్నాతో భాగించడం. 12 ÷ 0 = q అనుకుంటే 0 × q = 12 కావాలి. సున్నాను దేనితో గుణించినా సున్నాయే కాబట్టి అలాంటి q లేదు. 0 ÷ 0 అయితే చిక్కు రెండో వైపు నుంచి వస్తుంది: 0 × q = 0 కి q ఏదైనా సరిపోతుంది, కాబట్టి ఒక్క జవాబును ఎంచుకునే వీలు లేదు. ఒకచోట జవాబు లేదు, మరోచోట అన్నీ జవాబులే. 628లో బ్రహ్మగుప్తుడు ధనం, రుణం, సున్నాలతో చేసే లెక్కలకు నియమాలు రాశాడు; కూడిక, తీసివేత, గుణకారాలకు ఆయన చెప్పినవి ఇప్పటికీ వాడుతున్నాం. 0 ÷ 0 ను మాత్రం ఆయన సున్నా అన్నాడు. దాన్ని ఇప్పటి గణితం అంగీకరించదు.

రుణం రుణంతో గుణిస్తే ధనం ఎందుకు

ఈ నియమాన్ని అప్పుల లెక్కలతో వివరించే ప్రయత్నాలు చాలా ఉన్నాయి. అవి కూడికకు బాగా అతుకుతాయి, గుణకారం దగ్గరికి వచ్చేసరికి సాగదీసినట్టుంటాయి. విభాగ న్యాయమే సూటిగా తేలుస్తుంది.

5 + (−5) = 0. రెండు వైపులా −3 తో గుణిస్తే (−3) × (5 + (−5)) = 0. విభాగ న్యాయం ప్రకారం విడదీస్తే (−3) × 5 + (−3) × (−5) = 0. మొదటి పదం −15. దానికి ఏది కలిపితే సున్నా వస్తుంది? 15. కాబట్టి (−3) × (−5) = 15 కాక తప్పదు. −15 అని పెట్టుకుంటే విభాగ న్యాయం కూలిపోతుంది, దానితో పాటు 47 × 36 లాంటి గుణకారాలన్నీ పోతాయి.

గమనించండి, ఇది గుణకారానికి, దాని విలోమమైన భాగహారానికి చెందిన నియమం. −3 − 5 లో గుణకారమే లేదు. −3 దగ్గర నుంచి మరో 5 ఎడమకు జరిగితే −8. తికమకకు మూలం "−" గుర్తు రెండు ఉద్యోగాలు చేయడం. −3లో అది సంఖ్య స్వభావం, 7 − 3లో అది చేయాల్సిన పని. 7 − (−3) లో రెండూ ఉన్నాయి: ఒక సంఖ్యను తీసివేయడమంటే దాని సంకలన విలోమాన్ని (దానికి కలిపితే సున్నా వచ్చే సంఖ్యను) కలపడం, −3 విలోమం 3, కాబట్టి 10. రుణ సంఖ్యలను బ్రాకెట్‌లో రాసే అలవాటు ఈ తప్పులను చాలావరకు ఆపుతుంది.

−3² విలువ −9, (−3)² విలువ 9. ఘాతం ముందు, గుర్తు తర్వాత. అయితే ఎక్సెల్‌లో =-3^2 అని టైప్ చేస్తే 9 వస్తుంది; అది గుర్తుకు ముందు చోటిస్తుంది. గణిత రాతను అలాగే షీట్‌లోకి ఎక్కించేవాళ్లు ఇక్కడ బ్రాకెట్ వేసి =-(3^2) అని రాయాలి.

ఏది ముందు, ఏది తర్వాత

2 + 3 × 4 విలువ 14. సాధారణ క్యాలిక్యులేటర్లు చాలావాటిలో వరుసగా నొక్కితే 20 వస్తుంది, ఎందుకంటే అవి నొక్కినది నొక్కినట్టే పూర్తి చేస్తాయి. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ 14 చూపిస్తుంది.

వరుస ఇది: బ్రాకెట్లు, ఘాతాలు, ఆపై గుణకార భాగహారాలు ఎడమ నుంచి కుడికి, చివరగా కూడిక తీసివేతలు ఎడమ నుంచి కుడికి. బోడ్‌మాస్ (BODMAS) అని ఈ ప్రక్రియల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు గుర్తుపెట్టుకోవడం వల్ల ఒక అపార్థం పుడుతోంది: భాగహారం అక్షరం ముందుంది కాబట్టి గుణకారం కంటే అదే ముందని, కూడిక అక్షరం ముందుంది కాబట్టి తీసివేత కంటే అదే ముందని. నిజానికి ఆ జంటల్లో ఇద్దరూ సమానులే. 24 ÷ 4 × 3 = 6 × 3 = 18; 4 × 3 ముందు చేసి 2 అనకూడదు. 10 − 4 + 3 = 9; 4 + 3 ముందు చేసి 3 అనకూడదు. ఆ పేరులోని రెండో ఇంగ్లీషు అక్షరం O ను కొందరు ఘాతాలుగా చదువుతారు, కొందరు "48లో మూడో వంతు" వంటి రాతలోని "లో"గా చదువుతారు. రెండో పద్ధతిలో "లో" అన్నది గుణకారమే అయినా మామూలు గుణకార భాగహారాల కంటే ముందు చేయాలి.

కూడిక కంటే గుణకారానికే పెద్దపీట ఎందుకు? ఇది నిరూపించే విషయం కాదు, అందరూ ఒప్పుకున్న రాత మర్యాద. అయినా దానికి అర్థం ఉంది. మనకు తరచూ వచ్చేవి లబ్ధాల మొత్తాలు. 347 అన్న సంఖ్యే 3 × 100 + 4 × 10 + 7. గుణకారం ముందు అనుకుంటే దీనికి ఒక్క బ్రాకెట్ కూడా అక్కర్లేదు.

సోషల్ మీడియాలో తిరిగే 8 ÷ 2(2 + 2) లాంటి ప్రశ్నలకు కొందరు 16 అంటారు, కొందరు 1 అంటారు. గుర్తు లేకుండా పక్కపక్కన రాసిన గుణకారాన్ని మామూలు గుణకారంతో సమానంగా చూస్తే 16, దానికి భాగహారం కంటే ఎక్కువ పట్టు ఉందనుకుంటే 1. క్యాలిక్యులేటర్ తయారీదారులు కూడా దీని మీద ఏకాభిప్రాయానికి రాలేదు. లోపం రాసినవాళ్లది, (8 ÷ 2) × (2 + 2) అనో 8 ÷ (2 × (2 + 2)) అనో రాస్తే గొడవే ఉండదు.

సమాన గుర్తు గురించీ ఒక మాట. 1557లో రాబర్ట్ రికార్డ్ రెండు సమాంతర గీతలను సమానత్వానికి గుర్తుగా ప్రవేశపెట్టాడు; ఎడమవైపుది, కుడివైపుది ఒకే విలువ అని దాని అర్థం. "జవాబు ఇది" అనే అర్థంలో వాడితే 5 + 3 = 8 × 2 = 16 − 1 = 15 లాంటి రాతలు పుడతాయి. ఇందులో 8కి, 16కి, 15కి సమానత్వం అంటగట్టాం. ఒక్కో మెట్టు ఒక్కో వరుసలో రాయడం మంచిది. బీజగణితంలోకి వెళ్లాక ఈ అలవాటు లేనివాళ్లు సమీకరణాల దగ్గర ఇరుక్కుపోతారు.

భిన్నాలు, ఘాతాలు

3/4 లో పైది లవం, కిందిది హారం. హారం ముక్క పరిమాణం చెబుతుంది, లవం ముక్కల సంఖ్య చెబుతుంది. పరిమాణం వేరైన ముక్కలను లెక్కగా కలపలేం. అందుకే హారాలను ముందు సమానం చేస్తాం. 1/2 + 1/3 ను 2/5 అంటే ఆ జవాబు మనం మొదలుపెట్టిన 1/2 కంటే తక్కువ. ఏదో కలిపాక తగ్గిందంటే తప్పు కళ్లెదుటే ఉన్నట్టు. 3/6 + 2/6 = 5/6. హారాలు పెద్దవైతే వాటి లబ్ధం కాకుండా క.సా.గు వాడాలి: 7/12 + 5/18 లో క.సా.గు 36, 21/36 + 10/36 = 31/36.

భిన్నంతో భాగించడానికి తిరగేసి గుణించడం ఎందుకంటే, విభాజ్యాన్నీ విభాజకాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తే భాగఫలం మారదు. (3/4) ÷ (2/5) లో రెండింటినీ 5/2 తో గుణిస్తే విభాజకం 1 అవుతుంది, మిగిలేది (3/4) × (5/2) = 15/8. తిరగేయాల్సింది విభాజకాన్ని మాత్రమే.

కొట్టివేతలో కారణాంకాలనే కొట్టాలి, కూడికలోని పదాలను కాదు. (6 + 5)/6 లో 6ను కొట్టేసి 5 అనకూడదు, అది 11/6. 16/64 లో రెండు 6లను కొట్టేస్తే 1/4 వస్తుంది, జవాబు కాకతాళీయంగా సరైనదే. అదే పద్ధతి 13/36 మీద ప్రయోగిస్తే 1/6 వస్తుంది, అది తప్పు.

శాతం అంటే హారం 100 ఉన్న భిన్నం. ఎందులో శాతమో చెప్పకపోతే దానికి అర్థం లేదు. 500 ను 20 శాతం పెంచితే 600. 600 ను 20 శాతం తగ్గిస్తే 480. తగ్గించిన 20 శాతం 600 లోది, పెంచినది 500 లోది.

ఘాతాల్లో 2³ అంటే 2 × 2 × 2 = 8, 2 × 3 కాదు. ఆధారం ఒకటే అయితే గుణించినప్పుడు ఘాతాంకాలు కూడతాం: 2³ × 2² = 2⁵. ఈ సూత్రం సున్నా ఘాతాంకానికీ చెల్లాలంటే 2³ × 2⁰ = 2³ కావాలి, అంటే 2⁰ = 1. అలాగే 2³ × 2⁻³ = 2⁰ = 1 కాబట్టి 2⁻³ = 1/8. రుణ ఘాతాంకం వల్ల సంఖ్య రుణం కాదు, వ్యుత్క్రమం అవుతుంది.

జవాబును సరిచూడటం

ఒక సంఖ్య 9తో భాగించబడుతుందా అన్నది దాని అంకెల మొత్తం చెబుతుంది. 10 = 9 + 1, 100 = 99 + 1; ప్రతి స్థానమూ 9 గుణిజం కంటే ఒకటి ఎక్కువ. 9 గుణిజాలను పక్కన పెడితే మిగిలేది అంకెల మొత్తమే. అంటే అంకెలను ఒక అంకె మిగిలేదాకా కూడుతూ పోతే వచ్చేది 9తో భాగించినప్పటి శేషం. 9 మిగిలితే శేషం సున్నా. 3కీ ఇదే కారణం, ఇదే పద్ధతి.

దీంతో గుణకారాలు సరిచూడవచ్చు. 58 × 43 = 2494 సరైనదా? 58కి 5 + 8 = 13, 1 + 3 = 4. 43కి 7. 4 × 7 = 28, దానికి 10, దానికి 1. జవాబు 2494కి 19, 10, 1. సరిపోయింది. సరిపోకపోతే లెక్క కచ్చితంగా తప్పు. సరిపోతే మాత్రం కచ్చితంగా ఒప్పని చెప్పలేం, ఎందుకంటే అంకెలు తారుమారైతే వాటి మొత్తం మారదు. 2494 బదులు 2449 రాసినా ఈ పరీక్షలో నెగ్గుతుంది.

అలాంటి తప్పును 11 పట్టుకుంటుంది. 10 = 11 − 1, 100 = 99 + 1, 1000 = 1001 − 1; అంటే కుడి నుంచి ఒక అంకె కూడుతూ, తర్వాతిది తీసివేస్తూ పోవాలి. 58కి 8 − 5 = 3. 43కి 3 − 4 = −1. లబ్ధం −3. 2494కి 4 − 9 + 4 − 2 = −3, సరిపోయింది. 2449కి 9 − 4 + 4 − 2 = 7. 7కీ −3కీ తేడా 10, అది 11 గుణిజం కాదు, కాబట్టి 2449 తప్పని తేలిపోయింది. పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైతే ఈ పరీక్ష విలువ వాటి తేడాకు రెట్టింపు మారుతుంది. ఆ తేడా 1 నుంచి 9 లోపే కాబట్టి రెట్టింపు ఎన్నడూ 11 గుణిజం కాదు. తారుమారు దీన్ని తప్పించుకోలేదు.